అంగిలిలో ఇరుక్కున్న కోరపన్ను: మా అమ్మాయి వైద్యంలో నా అనుభవం

మా అమ్మాయికి పన్నెండేళ్ళు నిండినా పైన ఎడమవైపు పాల కోరపన్ను ఊడలేదు. కుడివైపు కొత్తది అప్పటికే సగం దిగింది. "గట్టి పన్ను, ఉండనీలే" అన్నారు మా అత్తయ్య. నాకు మాత్రం మనసొప్పలేదు. పెదవి పైకెత్తి చిగురు తడిమి చూస్తే వేలికి ఉబ్బెత్తుగా ఏమీ తగల్లేదు.

పళ్ళ డాక్టరుగారు ఓపీజీ (రెండు దవడలూ, పళ్ళన్నీ ఒకే ఫిల్ములో కనిపించే ఎక్స్‌రే) తీయించి తెర మీద చూపించారు. మామూలుగా కొత్త పన్ను దిగుతుంటే పాలపన్ను వేరు కొద్దికొద్దిగా కరిగి, పన్ను కదిలి ఊడుతుంది. మా పిల్లకు ఆ వేరు అలాగే ఉంది. ఎందుకంటే కొత్త పన్ను ఆ దారిలోనే లేదు, అంగిలి వైపు అడ్డంగా వాలిపోయింది.

పై కోరపన్ను పుట్టేది దవడలో చాలా ఎత్తున. బిడ్డకు నాలుగైదు నెలలున్నప్పుడే దాని మొన గట్టిపడటం మొదలవుతుంది. ఆరేడేళ్ళకు పైభాగం తయారై, పక్క పన్ను వేరును ఆసరా చేసుకుని మెల్లగా దిగుతూ 11-12 ఏళ్ళకు బయటపడుతుంది. అంత దూరం ఇంకే పన్నూ ప్రయాణించదు. అందుకేనేమో, జ్ఞానదంతాల తర్వాత ఎక్కువగా ఇరుక్కుపోయేది ఇదే.

అసలు టెన్షన్ అంతా త్రీడీ స్కాన్ రిపోర్టు వచ్చేదాకానే. ఇరుక్కున్న పన్ను పక్క పన్ను వేరును తినేసే ప్రమాదం ఉందట. దేవుడి దయవల్ల ఆ వేరుకు ఏమీ కాలేదు.

ముందు క్లిప్పులు వేసి కొన్ని నెలల పాటు చోటు చేశారు. తర్వాత మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, పాలపన్ను తీసేసి, అంగిలి దగ్గర చిగురు తెరిచి, లోపలి పన్నుకు బియ్యపు గింజంత బటన్ అతికించారు. దానికి సన్నని బంగారు గొలుసు. చిగురు కుట్టేసి, గొలుసు కొసను క్లిప్పుల తీగకు కట్టారు. మొదటి రోజుల్లో చల్లారిన జావ, పెరుగన్నమే. కొస నాలుకకు గీరుకుంటుంటే ఇచ్చిన మైనం అద్దేదాన్ని. వెళ్ళినప్పుడల్లా గొలుసు కాస్త బిగించి, మిగిలిన లింకు కత్తిరించేవారు. ఎంత నెమ్మదిగా లాగితే వేరుకు అంత మంచిదని డాక్టరుగారి మాట. ఆ మాట నమ్మి ఓపిక పట్టాం.

పదేళ్ళకల్లా చిగురు మీద కోరపన్ను ఉబ్బు తగలకపోతే డాక్టరుకు చూపించండి. అప్పుడే తెలిస్తే, పాలపన్ను ఒక్కటి తీసేసినా కొత్తది దారిలో పడే అవకాశం ఉంటుంది. మా చిన్నవాడికి రెండు వైపులా తగులుతోంది, చూపించి నిర్ధారణ చేసుకున్నాం కూడా.

అమ్మాయి పన్ను చిగురు దాటి బయటికొచ్చింది. ఇంకా కొంచెం మెలితిరిగి ఉంది కాబట్టి క్లిప్పులు మరికొన్నాళ్ళు, ఆ తర్వాత పళ్ళు మళ్ళీ జరగకుండా పట్టి ఉంచే రిటైనర్.