వాద్యాల సమ్మేళనంలో ట్యూబాల పరిశీలన: నాలుగో వాల్వ్ దగ్గర తేలిన సంగతులు

మూడు వాల్వుల (నొక్కితే గాలిని అదనపు గొట్టంలోకి మళ్లించే మీటల) బి ఫ్లాట్ ట్యూబా (బి ఫ్లాట్ మూల స్వరంగా ఉన్న, మంద్ర స్వరాల పెద్ద ఇత్తడి ఊదుడు వాద్యం) మీద మధ్య స్థాయి స్వరాలు కుదురుకున్నాక, కింది స్వరాలు శ్రుతిలో నిలవకపోవడమే నా సాధనకు ప్రధానమైన అడ్డంకిగా మిగిలింది. అందుకే ఈసారి, రకరకాల వాద్యాలను వాయించి చూసే సమ్మేళనంలో ధ్వని గాంభీర్యం కంటే, నాలుగో వాల్వ్ ఉన్న వాద్యాలు కింది స్థాయిలో ఎలా పలుకుతాయన్న దాని మీదనే దృష్టి పెట్టాను.

చిక్కంతా గొట్టాల పొడవులో ఉంది. మొదటి వాల్వ్ శ్రుతిని ఒక పూర్తి స్వరం, రెండోది అర స్వరం, మూడోది ఒకటిన్నర స్వరం దించుతాయి. అయితే ప్రతి వాల్వ్ గొట్టాన్నీ అది ఒక్కటే నొక్కినప్పటి లెక్కకు కొలిచి అమర్చితే, రెండు మూడు కలిపి నొక్కినప్పుడు వాద్యం అప్పటికే పొడవెక్కి ఉంటుంది కాబట్టి ఆ కొలత చాలదు. ఆ లెక్కన మొదటిదీ మూడోదీ కలిపితే స్వరం సుమారు 30 సెంట్లు (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు), మూడూ కలిపితే 50 సెంట్లకు పైగా హెచ్చుతుంది. మొదటి, మూడో వాల్వుల జంటకు బదులు నాలుగో వాల్వ్, మూడింటికీ బదులు రెండు, నాలుగు కలిపి వాడితే ఈ తేడా చాలావరకు తగ్గుతుంది.

సొంత మౌత్‌పీస్ (పెదవులు ఆనించి ఊదే భాగం) తీసుకువెళ్లడం ఎంతో మేలు చేసింది, ఎందుకంటే మౌత్‌పీస్ మారితే పెదవుల పట్టు మారి, తేడా వాద్యానిదో మౌత్‌పీస్‌దో తేల్చుకోలేము. లోపలికి దూరే కాడ, అంటే షాంక్, అన్ని ట్యూబాలకూ ఒకే మందంలో ఉండదు. అది వదులుగా ఊగినా, పైపైనే ఆగిపోయినా ఆ వాద్యం మీద శ్రుతిని అంచనా వేయకూడదు. చుట్టూ అందరూ ఒకేసారి వాయిస్తున్న హాల్లో మంద్ర స్వరాలు చెవికి సరిగా అందవు కాబట్టి, లోహపు కంపనాన్ని నేరుగా పట్టుకునే క్లిప్ ట్యూనర్‌నే నమ్ముకున్నాను. చల్లగా ఉన్న వాద్యం తక్కువ శ్రుతిలో పలుకుతుంది గనుక, ముందుగా కాసేపు ఊపిరి ఊది వేడెక్కనిచ్చాకే కొలతలు రాసుకున్నాను.

నాలుగు వాల్వుల మామూలు బి ఫ్లాట్ ట్యూబా నా అవసరానికి బాగా దగ్గరగా వచ్చింది. నాలుగో వాల్వుతో ఎఫ్ స్వరం నిలకడగా పలికింది, కానీ అక్కడి నుంచి కిందికి దిగుతున్న కొద్దీ హెచ్చడం మళ్లీ మొదలైంది. ఆ తర్వాత పట్టిన కాంపెన్సేటింగ్ (పొడవు లోటును తానే సర్దుకునే) ఇ ఫ్లాట్ ట్యూబాలో నాలుగో వాల్వ్ నొక్కినప్పుడు గాలి దానితో పాటు నొక్కిన మిగతా వాల్వుల్లోని చిన్న అదనపు గొట్టాల గుండా కూడా పోతుంది కాబట్టి, ఆ దిగువ స్వరాలు పెదవులతో పెద్దగా సర్దుకోకుండానే శ్రుతికి దగ్గరగా నిలిచాయి. గాలికి అడ్డు కాస్త ఎక్కువగా తగిలింది. అయినా నా మట్టుకు శ్రుతి కుదరడమే ముఖ్యం.

రోటరీ (గుండ్రంగా తిరిగే) వాల్వుల సి ట్యూబాలో ఐదో వాల్వ్ కూడా ఉంది. వేళ్ల కదలిక తేలికగానే ఉన్నా, వేళ్ల అమరిక పూర్తిగా వేరు కావడంతో మెల్లని స్వరావళికి మించి వాయించలేదు. 1835లో బెర్లిన్‌లో సైనిక బ్యాండ్ల నాయకుడు వీప్రెక్ట్, వాద్యాల తయారీదారు మోరిట్జ్ పేటెంటు పొందిన తొలి ట్యూబాకు కూడా ఐదు వాల్వులే ఉండేవి.

ట్యూబాను పోలిన చిన్న వాద్యం యూఫోనియం గొట్టం సుమారు 2.7 మీటర్లు, అంటే బి ఫ్లాట్ ట్యూబాలో సగం. అందువల్ల అవే వేళ్లతో ఒక స్థాయి పైన పలికింది, ఊపిరి కూడా ఎక్కువసేపు నిలిచింది. ఫ్రెంచ్ హార్న్ మౌత్‌పీస్ మరీ చిన్నది కావడంతో దాన్ని త్వరగానే పక్కన పెట్టేశాను.

ప్రతి ట్యూబానూ ఒడిలో పెట్టుకున్నప్పుడు మౌత్‌పీస్ నోటికి సరైన ఎత్తులో వస్తోందా అన్నది కూడా చూశాను, ఎందుకంటే మెడ వంచి వాయిస్తే మంద్ర స్వరాలకు కావలసినంత ఊపిరి అందదు. ఇ ఫ్లాట్ ట్యూబా ఈ విషయంలోనూ నాకు నప్పింది. ప్రస్తుతానికి నా ట్యూబా మీద మూడో వాల్వ్ స్లైడ్‌ను కాస్త బయటికి లాగి, మొదటి, మూడో వాల్వుల స్వరాన్ని ట్యూనర్‌తో సరిచూసుకుంటూ దీర్ఘ స్వరాలు సాధన చేస్తున్నాను. మూడో వాల్వ్ ఒక్కటే వాడే చోట స్వరం తగ్గకుండా అక్కడ మొదటిదీ రెండోదీ కలిపి నొక్కుతున్నాను.