మంజీరా నీళ్లు వచ్చే రోజు

ఆదివారం

మా అపార్టుమెంటుకు మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. ఈ రోజు వచ్చే వంతు. పోయినవారం అద్దిపెట్టిన బట్టను కడిగి ఉడికించడానికి ఇంతకంటే మంచి ముహూర్తం దొరకదు. ఇంట్లో అద్దకం మొదలుపెట్టినప్పటి నుంచి నాకు పంచాంగం కన్నా కుళాయి వేళలే ముఖ్యమయ్యాయి.

అద్దకం అనగానే అచ్చు పట్టుకుని బట్ట మీద టపటపా కొట్టడమే అనుకుంటారు అందరూ. ఇంటికి వచ్చినవాళ్లు కూడా "ఏదీ, ఒక్కసారి కొట్టి చూపించు" అంటారు. కొట్టడం గంటలో అయిపోతుంది. మిగతాదంతా చాకిరేవే. గంజి వదిలేదాకా ఉతకాలి, కరక్కాయ పెట్టి ఆరవేయాలి, అద్దాక కడగాలి, ఉడికించాలి, మళ్లీ ఉతకాలి. బందరు పక్కన పెడనలో ఈ పని ఇంతకాలం నిలిచిందంటే అందులో సగం పుణ్యం అక్కడి కాలువలదేనని నా నమ్మకం. అద్దిన బట్టను తొట్టిలో నానబెడితే లాభం లేదు. గుడ్డకు పట్టకుండా మిగిలిపోయిన ఇనుము (నలుపు కోసం అద్దేది), పటిక (ఎరుపు కోసం అద్దేది) నీళ్లలోకి దిగి, తిరిగి ఖాళీగా ఉన్న చోటికి వెళ్లి అంటుకుంటాయి. వాటిని మోసుకుపోవడానికి పారే నీళ్లే కావాలి.

"బోరు నీళ్లున్నాయి కదా, మంజీరా కోసం ఎదురుచూపులెందుకు?" అని మా ఆయన ఎప్పుడూ అడుగుతారు. మా బోరు నీళ్లలో ఇనుము ఉంది, బకెట్ల అడుగున తుప్పు రంగు పొరే దానికి సాక్ష్యం. కరక్కాయ వగరుకు ఇనుము తగిలితే చాలు, నలుపు తిరుగుతుంది. ఆ గుణం మీదే నల్ల అద్దకం అంతా నడుస్తుంది. అది అచ్చు పడిన చోట జరిగితే అందం, బట్టంతా జరిగితే బూడిద.

ఆరు గంటలకు కుళాయి వచ్చింది. నేనొక కొస, అత్తయ్య ఒక కొస పట్టుకుని బాల్కనీ కుళాయి కింద బట్టను పరిచి పట్టుకున్నాం. ముడత పడితే ఆ ముడతలోనే మరక నిలుస్తుంది కనుక ఇద్దరు మనుషులు తప్పనిసరి. అత్తయ్యకు ఈ బట్ట మీద మొదటి నుంచీ కోపమే. కరక్కాయ పొడిని గేదె పాలలో కలిపి దాన్ని ముంచిన రోజున ఇంట్లో మధ్యాహ్నం కాఫీ లేకుండా పోయింది మరి. వెన్న తీయని పాలు కావాలి, ఆ కొవ్వే రంగును పక్కకు పాకకుండా పట్టి ఉంచుతుంది అని చెప్పాను. "పాలు పోసి పెట్టి, ఇప్పుడు బిందెలకొద్దీ నీళ్లతో కడిగేయడమేమిటి అమ్మాయీ?" అన్నారు. జవాబు చెప్పేలోపు ఆవిడే మళ్లీ కేక వేశారు. "పూల రంగంతా పోతోందే!"

పోతుంది. పోవాలి కూడా. పూల రేకుల్లో నేను ఒత్తింది ఎరుపు కాదు, పటిక నీళ్లు. పటికకు రంగు లేదు. బట్ట మీద ఎక్కడ పడిందో కంటికి తెలియడానికి అందులో నిలవని రంగు చిటికెడు కలుపుతారు. అది కడిగితే పోతుంది. చివరికి నల్లటి గీతలు, వాటి మధ్య ఖాళీ రేకులు మిగిలాయి. అత్తయ్య నా వంక జాలిగా చూశారు.

గుండిగ రాగిది, అత్తయ్య పుట్టింటిదే. ఇనుప గిన్నె పెడితే ఎరుపు మసిబారుతుంది. గోరువెచ్చని నీళ్లలో బేగంబజారు నుంచి తెచ్చిన మంజిష్ఠ వేళ్ల పొడి వేసి, బట్టను వదిలి, సన్నని సెగ మీద కర్రతో కదుపుతూ నిలబడ్డాను. పెడనలో ఇందుకు జాజి ఆకు కూడా వేస్తారు, నాకు ఇక్కడ దొరకదు. మంజిష్ఠ మరగకూడదు, మరిగితే ఎరుపులోకి గోధుమ ఛాయ దిగుతుంది. మొదట ఏమీ జరగనట్టే ఉంటుంది. కాసేపటికి రేకుల్లో లేత గులాబీ ఛాయ, అదీ అంచుల దగ్గర కాదు, పటిక దండిగా పడిన నడుమ భాగంలో మొదలవుతుంది. కర్రతో పైకెత్తి చూసిన ప్రతిసారీ ఒక మెట్టు ముదురుతుంది. పక్కనే, ఒకే నీళ్లలో ఉన్న నేలకు, అంటే పటిక పడని ఖాళీ గుడ్డకు మాత్రం ఆ పట్టు లేదు. బలహీనంగా పులుముకుని ఊరుకుంటుంది. పటిక ఉన్న చోటే మంజిష్ఠ వేళ్ల రంగు కరుచుకుంటుంది. అత్తయ్య గుండిగ మీదికి వంగి చూసి ఏమీ అనలేదు. తరువాత ఇంకో రెండుసార్లు వంటింట్లోకి ఊరికే వచ్చి వెళ్లారు.

పూర్వం కృష్ణా తీరంలో ఈ ఎరుపుకు మంజిష్ఠ కాదు, చిరివేరు వాడేవారు. సముద్రం దగ్గరి ఇసుక నేలల్లో పెరిగిన వేరు. 1869లో జర్మన్ రసాయన శాస్త్రజ్ఞులు ఈ వేళ్లలోని ఎర్ర రంగు పదార్థమైన అలిజరిన్‌ను కర్మాగారంలో తయారుచేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాక వేళ్ల సాగు వెనకబడిపోయింది. ఇప్పుడు పెడనలోనూ అలిజరిన్ వాడకం మామూలే. అందులో తప్పు పట్టడానికి నాకేమీ కనబడదు. నెలకు వందల గజాలు అద్దేవాళ్లను వేళ్లు నూరుకోమనడం, ఆదివారాలు సరదాగా అద్దుకునే నాలాంటివాళ్లకు తగని మాట.

ఇంగ్లీషువాళ్లు 1611లో బందరులో వర్తకశాల పెట్టుకున్నది ఇలాంటి బట్టల కోసమే. యూరప్‌ను పడగొట్టింది పూల సోయగం ఒక్కటే కాదు, ఉతికినా పోని రంగు. వాళ్ల దగ్గర బట్ట మీద వేసే రంగులు నీళ్లు తగిలితే నిలిచేవి కావు. మోజు ఎంత పెరిగిందంటే, తమ నేతగాళ్లు గోల పెట్టగా 1686లో ఫ్రాన్సు, ఆ తరువాత ఇంగ్లండు అద్దకపు నూలుబట్టల మీద నిషేధాలు పెట్టాయి. చాకిరేవు పరీక్ష నెగ్గినందుకు వచ్చిన శిక్ష!

సెగ మీద బట్ట తన పని తాను చేసుకుంటుండగా డైనింగ్ టేబుల్ మీద పాత దుప్పట్లు మడతలు వేసి, కరక్కాయ పెట్టి ఆరవేసిన కొత్త గుడ్డ పరిచాను. మామిడిపిందె అచ్చు తీశాను. టేకు చెక్క, నూనె పట్టించినది, గీతలు గోరంత లోతున చెక్కి ఉన్నాయి. నల్ల అద్దకానికి మట్టికుండలో తుప్పుమేకులు, బెల్లం, నీళ్లు వేసి పులియబెట్టిన నీళ్లు తుమ్మజిగురుతో చిక్కబరిచి పెట్టుకున్నాను. కుండ వాసన గురించి పై అంతస్తువాళ్లు అడిగారు, ఆవకాయ కాదని మాత్రం చెప్పాను. ఆ ద్రవం చూడడానికి పల్చని టీ డికాషన్ లాగా ఉంటుంది, నలుపు జాడే ఉండదు. అచ్చును ట్రేలోని గోనెగుడ్డ మీద రెండుసార్లు తాకించి, వరుస తప్పకుండా మూల చుక్క చూసుకుని దించి, పిడికిలితో ఒక్క దెబ్బ. ఎత్తేసరికి లేత పసుపు గుడ్డ మీద గోధుమ గీత. చూస్తుండగానే కొన నుంచి తొడిమ దాకా నల్లబడిపోతుంది. ఇది ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాలేదు. రెండు వరుసలు అద్దేసరికి భుజం నొప్పి పుట్టింది, ఆపేశాను.

ఉడికిన బట్టను సాయంత్రం దించాను. రేకులు చక్కటి ఎరుపు, నేల మాత్రం వెలిసిన గులాబీ. పెడనలో దాన్ని తెల్లబరచడానికి పేడనీళ్లలో ముంచి ఎండలో ఆరవేస్తారు. మూడో అంతస్తు బాల్కనీలో పేడ మాట ఎత్తే ధైర్యం నాకు లేదు, తవుడు నీళ్లతో సరిపెట్టుకోవాలి. దానికీ బోలెడు కడుగుడు ఉంది. నీళ్లు మళ్లీ మంగళవారమే. ఆ రోజే మా ఆడపడుచు పిల్లలతో వస్తోంది. మంగళవారం పొద్దున కుళాయి ముందు వంటకా, పిల్లల స్నానాలకా, నా బట్టకా అని భోజనాల దగ్గర చర్చ మొదలైంది. అత్తయ్య నా పక్షం చేరారు కానీ షరతు పెట్టారు, ఆ గుడ్డలో రెండు దిండు గలీబులు ఆవిడవి.