ఫోను తీసేసుకున్న తరువాత

నేను ఉన్నత పాఠశాలలో పాఠాలు చెబుతాను. మొదటి పీరియడులో కునికిపాట్లు పడే పిల్లలు ఎప్పుడూ ఒకరిద్దరు ఉంటారు కాబట్టి, తొమ్మిదో తరగతి చదివే ఒక అబ్బాయి వరుసగా వారం రోజులు బల్ల మీద తల వాల్చేసినా మొదట నేను పెద్దగా పట్టించుకోలేదు. తరువాత అతను హోంవర్కు తేవడం మానేశాడు, లెక్కల్లో మార్కులు సగానికి పడిపోయాయి, విరామ సమయంలో ఒక్కడే గోడవారన కూర్చోవడం మొదలుపెట్టాడు. తల్లిదండ్రులను పిలిపించి మాట్లాడితే, రాత్రి రెండు గంటల దాకా ఫోనులో ఆట ఆడుతున్నాడని తెలిసింది. ఫోను తీసేసుకోండి, అన్నీ వాటంతట అవే సర్దుకుంటాయి అని వారికి చెప్పింది నేనే. ఆ సలహా తప్పని గ్రహించడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలు ఆ పిల్లవాడు పడిన బాధ తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఫోను లేకపోతే కంటినిండా నిద్రపోతాడని, చదువు మీద ధ్యాస పెడతాడని అనుకున్నాం. మొదటి వారమంతా ఇంట్లో అరిచాడు, తలుపులు విసిరికొట్టాడు. రెండో వారంలో ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో వారంలో బడికి రానని ముసుగుతన్ని పడుకున్నాడు. ఎలాగో నచ్చజెప్పి పంపించిన ఒక రోజు, సాయంత్రం అందరూ వెళ్లిపోయాక, ఆ ఆటలో ఏముందో నాకు చెప్పమని అడిగాను. తిట్టడానికి కాదు, తెలుసుకోవడానికే అడుగుతున్నానని అతనికి నమ్మకం కుదరడానికి చాలాసేపు పట్టింది. ఆ ఏడాది మొదట్లో సెక్షన్లు మార్చినప్పుడు అతని స్నేహితులిద్దరూ వేరే గదికి వెళ్లిపోయారట. కొత్త తరగతిలో అప్పటికే జట్లు కట్టుకున్న పిల్లలు ఇతన్ని తమలో కలుపుకోలేదట. ఆటలో మాత్రం అతనితో కలిపి నలుగురి జట్టు ఒకటి ఉంది. "నేను లాగిన్ అయ్యేదాకా వాళ్లు ఆట మొదలుపెట్టరు టీచర్" అన్నాడు. అతనికి మిగిలిన ఆ ఒక్క జట్టునూ నా సలహా దూరం చేసిందని అప్పుడు అర్థమైంది.

వ్యసనం అనే మాటను ఇప్పుడు మనం వదులుకోలేని చెడు అలవాటు అనే అర్థంలోనే వాడుతున్నాం. సప్తవ్యసనాలలో జూదం కూడా ఉంది కాబట్టి ఆ అర్థం కొత్తదేమీ కాదు. అయితే పాత తెలుగులో వ్యసనపడటమంటే దుఃఖపడటం. నిఘంటువు తెరిచి చూస్తే వ్యసనానికి ఆపద, దుఃఖం అనే అర్థాలు కూడా కనిపిస్తాయి. ఆ అబ్బాయి విషయంలో మేమంతా మొదటి అర్థం దగ్గరే ఆగిపోయాం.

ఈ సమస్యను పరిశీలించినవారు ఆ రెండో అర్థాన్ని మొదటి నుంచీ గమనిస్తూనే ఉన్నారని తరువాత చదివి తెలుసుకున్నాను. అమెరికాకు చెందిన మనస్తత్వ నిపుణురాలు కింబర్లీ యంగ్ 1996లో ఇంటర్నెట్ వ్యసనం గురించి తన అధ్యయనాన్ని వెల్లడించినప్పుడు, జూద వ్యసనాన్ని గుర్తించే ప్రమాణాల నమూనాలో 8 ప్రశ్నలు రూపొందించారు. వాటిలో ఐదింటికి అవునని జవాబు వస్తే అది వ్యసనమే కావచ్చునని ఆమె భావించారు. సమస్యల నుంచి, దిగులు నుంచి, అపరాధభావం నుంచి తప్పించుకోవడానికి ఇంటర్నెట్‌ను ఆశ్రయిస్తున్నారా అనేది ఆ ఎనిమిదింటిలో ఒకటి. ఇంట్లో మనం పిల్లలను అడగని ప్రశ్న సరిగ్గా ఇదే. ఎంతసేపు చూశావని అడుగుతాం, ఏం చూశావని నిలదీస్తాం, ఏ బాధ మరిచిపోవడానికి చూశావని మాత్రం అడగం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి నుంచి అమలులోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలో గేమింగ్ రుగ్మతకు చోటు దక్కింది. ఆట మీద అదుపు కోల్పోవడం, ఇతర ఆసక్తులనూ రోజువారీ పనులనూ వెనక్కి నెట్టి ఆటకే ప్రాధాన్యం ఇవ్వడం, నష్టం జరుగుతున్నా ఆపకపోవడం అనే మూడు లక్షణాలు సాధారణంగా 12 నెలల పాటు కొనసాగి, చదువునూ కుటుంబ సంబంధాలనూ గట్టిగా దెబ్బతీసినప్పుడే దాన్ని రుగ్మతగా పరిగణిస్తారు. ఇన్ని గంటలు ఆడితే రోగం అనే లెక్క ఆ నిర్వచనంలో ఎక్కడా లేదు. పరీక్షలు అయ్యాక రెండు రోజులు ఫోను వదలని పిల్లవాడికీ, ఏడాదిగా స్నేహాలూ ఆటలూ నిద్రా ఒక్కొక్కటిగా వదిలేసుకుంటూ వచ్చిన పిల్లవాడికీ ఒకే పేరు పెట్టి ఒకే శిక్ష వేయడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అలాగని తప్పంతా ఒంటరితనం మీదకు నెట్టి, ఆ తెరను నిర్దోషిగా వదిలేయలేను. ఎప్పుడు దొరుకుతుందో తెలియని బహుమతి, ప్రతిసారీ దొరికే బహుమతి కన్నా గట్టిగా పట్టి ఉంచుతుందని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ పావురాలతోనూ ఎలుకలతోనూ చేసిన ప్రయోగాల్లో ఏనాడో తేలింది. జూదపు యంత్రాలు నడిచేది ఆ సూత్రం మీదనే. రీల్స్ చూసే పిల్లలకు కూడా వచ్చే వీడియో విసుగు పుట్టిస్తుందో, పగలబడి నవ్విస్తుందో ముందు తెలియదు కాబట్టి, వేలు ఇంకొక్కసారి పైకి జరుగుతుంది. పుస్తకంలో అధ్యాయానికి చివర ఉంటుంది, ఆటస్థలంలో చీకటి పడుతుంది. స్క్రోల్‌కు మాత్రం అంచే లేదు. వరుసగా ఎన్ని రోజులు తెరిచారో లెక్కపెడుతూ, ఒకరోజు మానితే తెగిపోయే స్ట్రీక్‌లు, రోజూ తెరిస్తేనే దక్కే బహుమతులు పిల్లల్లో ఉండే మాటతప్పకూడదన్న మంచి గుణాన్నే ఎరగా వాడుకుంటాయి. ముందుచూపుకూ నిగ్రహానికీ ఆధారమైన మెదడు ముందుభాగం పూర్తిగా ఎదగడానికి ఇరవై ఏళ్లు దాటాలి. పద్నాలుగేళ్ల పిల్లవాణ్ణి పట్టుకుని నీకు నిగ్రహం లేదని నిందించే ముందు, ఎంత నేర్పుతో అల్లిన వలకు ఎదురుగా అతన్ని ఒంటరిగా నిలబెట్టామో మనం ఆలోచించాలి.

అన్నిటికన్నా నాకు ఎక్కువ భయం కలిగించేది రాత్రివేళ. యౌవనం మొదలయ్యే వయసులో శరీరంలోని జీవగడియారం సహజంగానే ఆలస్యంగా నడుస్తుంది. నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ అనే హార్మోను చిన్నపిల్లల్లో కన్నా వీరిలో పొద్దుపోయాక విడుదలవుతుంది. అంటే పది గంటలకు నిద్ర రావడం లేదని ఆ పిల్లలు చెప్పేది చాలాసార్లు నిజమే. ఆ నిద్రరాని గంటలో చేతిలో ఫోను ఉంటే అది రెండు గంటలవుతుంది, నాలుగవుతుంది. బడి గంట మాత్రం ఎప్పటి వేళకే మోగుతుంది. 13 నుంచి 18 ఏళ్ల వారికి రోజూ 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని నిద్ర వైద్య నిపుణులు చెబుతుండగా, ఈ అబ్బాయి పడుకున్నది నాలుగున్నర గంటలు. నిద్ర చాలని మనసుకు దిగులూ చిరాకూ త్వరగా పట్టుకుంటాయి, ఆ దిగులు మళ్లీ ఫోను దగ్గరికే తీసుకెళుతుంది. లెక్కల్లో తగ్గిన మార్కుల్లో ఆటకు ఎంత వాటా ఉందో, పోయిన నిద్రకు ఎంత వాటా ఉందో విడదీయడం నా వల్ల కాలేదు.

రాత్రిపూట కట్టడి చేయడానికి దక్షిణ కొరియా ఏకంగా చట్టమే చేసింది. 16 ఏళ్ల లోపు వారు అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు గంటల దాకా ఆన్‌లైన్ ఆటలు ఆడకుండా 2011లో తెచ్చిన ఆ చట్టం ప్రధానంగా కంప్యూటర్ ఆటలకే వర్తించింది. ఈలోగా పిల్లలు మొబైల్ ఆటలకు మారిపోయారు. 2021లో దాన్ని ఎత్తివేయాలని ప్రభుత్వం నిర్ణయించింది, ఆ పైఏడాది మొదలయ్యేసరికి అది రద్దయింది. నిషేధాలు అసలే వద్దని నేను అనను. ఇల్లూ బడీ చేయవలసిన పనిని చట్టం ఒక్కటే చేసిపెట్టలేదని మాత్రం ఆ అనుభవం నాకు చెప్పింది.

ఆ అబ్బాయి విషయంలో తరువాత చేసినవి చిన్న పనులే. ముందుగా, ఫోను లాక్కోమని చెప్పడం నా పొరపాటని అతని ముందే తల్లిదండ్రులకు చెప్పాను. ఫోను తిరిగి ఇచ్చారు. ఏ వేళకు ఆపాలో అతనినే చెప్పమంటే కాసేపు ఆలోచించి పదిన్నర అన్నాడు. ఆ వేళకు జట్టు వారికి చెప్పి సెలవు తీసుకోవడానికి పది నిమిషాలు అదనంగా కావాలని కూడా అడిగాడు. మధ్యలో తెంపుకుని రావడమే తనకు కష్టమని అప్పుడు గాని మాకు తెలియలేదు. పదీ నలభైకి ఇంట్లో అందరి ఫోన్లూ ముందు గదిలో ఛార్జింగుకు పెట్టాలని వారు నియమం పెట్టుకున్నారు. తండ్రికి ఆ నియమం పాటించడం కొడుకు కన్నా కష్టమైందని తల్లి చెప్పింది. తరగతిలో నేను ప్రాజెక్టు పనికి జట్లను మార్చి, ఇతన్ని నెమ్మదస్తులైన ఇద్దరితో కలిపాను. వారిలో ఒకడికి అదే ఆట తెలుసు.

ఇప్పటికీ వారంలో ఒక రోజు మొదటి పీరియడులో అతని కళ్లు మూతలు పడుతుంటాయి. పదిన్నర నియమం కొన్ని రాత్రులు తప్పుతోందని అతనే ఒప్పుకున్నాడు. విరామ సమయంలో మాత్రం గోడవారన కనిపించడం లేదు. ఇక కొద్ది రోజుల్లో సెలవులు మొదలవుతాయి. బడి లేని ఆ వారాల్లో పగలు అతనితో ఎవరు ఉంటారన్నదే ఇప్పుడు నా బెంగ. ప్రాజెక్టు జట్టులోని ఆ ఇద్దరినీ పిలిచి, సెలవుల్లో కలుసుకోవడానికి ఏమైనా అనుకున్నారా అని నిన్న అడిగాను.