విజయవాడ చలిలో మా తాబేలు తిండి మానేస్తే ఏం చేశానంటే

మా ఇంట్లో రెడ్ ఇయర్డ్ స్లైడర్ ఉంది, అక్వేరియం షాపుల్లో అమ్ముతారే, చెవుల దగ్గర ఎర్ర చారలుంటాయి, అదే. డిసెంబర్ వచ్చేసరికి తిండి తగ్గించేసి ఓ మూల కదలకుండా కూర్చోవడం మొదలెట్టింది. ఎవర్ని అడిగినా ఒకటే మాట, చలికి నిద్రపోతుందిలెండి, సంక్రాంతి పోతే అదే లేస్తుంది అని.

నాకెందుకో నమ్మకం కుదర్లేదు. మా చిన్నాన్న కొడుకు జర్మనీలో ఆల్పైన్ న్యూట్‌లు పెంచుతాడు, చూడ్డానికి బల్లిలా ఉంటాయి గానీ కప్పల జాతికి దగ్గర. చలికాలం వాటిని విడిగా ఒక చిన్న ఫ్రిజ్‌లో 5 డిగ్రీల దగ్గర పెడతాడు (మా పిన్నికి ఈ సంగతి ఇంకా మింగుడు పడలేదు). పెట్టేముందు కొన్నాళ్ళు తిండి ఆపేసి, చల్లదనం మెల్లగా పెంచుకుంటూ పోతాడంట, ఎందుకంటే చలికి అరుగుదల ఆగిపోతుంది, కడుపులో ఉన్నది అక్కడే కుళ్ళిపోతుంది. వాడికి ఫోన్ చేస్తే "ముందు నీ టబ్బులో నీళ్ళు ఎన్ని డిగ్రీలున్నాయో చూడు అన్నయ్యా" అన్నాడు.

పొద్దున్నే బాల్కనీలో ఉన్న టబ్బు నీళ్ళలో థర్మామీటర్ పెడితే 19. అసలు గొడవంతా అక్కడే ఉంది. స్లైడర్ల సొంతూరు అమెరికాలో మిసిసిపీ వైపు, అక్కడ నీళ్ళు 10 డిగ్రీల కిందకి పోతే చెరువు అడుగున నిజంగానే పడుకుంటాయి, ఒంట్లో శక్తి ఖర్చు బాగా తగ్గిపోతుంది. మన బెజవాడ చలి అంత దాకా రాదు, అలాగని ఆకలి వేసేంత వెచ్చగానూ ఉండదు. జీతం ఆగిపోయి అద్దె మాత్రం కట్టాల్సిన నెల లాంటిదన్నమాట, తిండి లేదు, ఒంట్లో ఖర్చు మాత్రం నడుస్తూనే ఉంటుంది, జబ్బుని తట్టుకునే శక్తీ తగ్గుతుంది.

ముందు డాక్టర్‌కి చూపించా. ముక్కులోంచి బుడగలు వచ్చినా, ఈదేటప్పుడు ఒక పక్కకి ఒరిగినా న్యుమోనియా అనుమానించాలంట, మా దానికి అవేం లేవు, నోరు తెరిచి బలవంతంగా మాత్రం పెట్టొద్దన్నారు. తర్వాత టబ్బు లోపలికి తెచ్చి, హీటర్ పెట్టి రోజుకి ఒకటి రెండు డిగ్రీల చొప్పున 26 దాకా తెచ్చా, హీటర్ చుట్టూ ప్లాస్టిక్ గార్డ్ తప్పనిసరి, లేకపోతే గుద్ది గుద్ది గాజు పగలగొట్టేస్తాయి. ఎక్కి కూర్చునే రాయి మీదకి ఒక బల్బు కూడా పెట్టా. నీళ్ళు వెచ్చబడేదాకా ఒక్క పెల్లెట్ కూడా వెయ్యలేదు, అమ్మ రోజూ గోల, పాపం దాని కడుపు ఎండబెడుతున్నావురా అని.

మధ్యలో షాపు కుర్రాడు "బందరు కాలవలో వదిలేయండి సార్, అదే బతుకుద్ది" అన్నాడు. అది బతుకుద్ది సరే, తిండికీ ఎండ కాచుకునే చోటుకీ మన తాబేళ్ళతో పోటీ పడుతుంది, అందుకే చాలా దేశాల్లో వీటి దిగుమతి ఆపేశారు.

26 దగ్గర నిలబడ్డాక మెల్లగా రాయెక్కి కాళ్ళు చాపింది, ఆ తర్వాతే తిండి ముట్టుకుంది. ఇప్పుడు మామూలే. మార్చిలో హీటర్ తీసేస్తా, ఇక మేలో టబ్బుకి నీడ సంగతి చూడాలి.