చెవి మిషన్ పెట్టుకున్నా పెళ్లి బంతిలో ఎందుకు వినపడదంటే

"మిషన్ పెట్టుకున్నారుగా, ఇంకా వినపడదా?" అని అడిగేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ఇంట్లో ఒక్కరు ఎదురుగా కూర్చుని మాట్లాడితే నాకు ఇబ్బంది లేదు. చిక్కంతా జనంలోనే. వయసుతో వచ్చే చెవుడులో ముందుగా పోయేవి సన్నటి శబ్దాలు. స, ష, త లాంటి హల్లులు జారిపోతాయి, అచ్చులు మిగులుతాయి. చారు అన్నా సారు అన్నా నా చెవికి ఒకటే. పైగా మిషన్ మనిషి గొంతుతో పాటు స్టీలు బకెట్ల చప్పుడునూ పెంచుతుంది. ఎదుటి శబ్దాన్నే ఎక్కువగా పట్టే మైకులు ఇప్పటి మిషన్లలో ఉన్నాయి, నిజమే. కానీ పెళ్లి బంతిలో మనతో కబుర్లు చెప్పేవాళ్లు పక్కన కూర్చుంటారు. ఎదురుగా వచ్చేది వడ్డించే అబ్బాయే!

అసలు సంగతి దూరం. ఆరుబయట అయితే దూరం రెట్టింపు అయినప్పుడల్లా గొంతు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. చుట్టూ ఉన్న గోల మాత్రం అలాగే ఉంటుంది. అందుకే మైకునే మాట్లాడేవాళ్ల నోటి దగ్గరికి పంపాలి. నా దగ్గర బొటనవేలంత క్లిప్ మైకు ఉంది, వైర్ లేకుండా నేరుగా మిషన్‌లోకి వినిపిస్తుంది. మొన్న రాజమండ్రి పెళ్లిలో దాన్ని మా వదిన పైటకు తగిలించాను. "ఇదేంటి వదినా, నన్ను టీవీలో చూపిస్తారా?" అంది. ఆ మాట శుభ్రంగా వినపడింది. ఆ తర్వాత ఆవిడ కాసులపేరు మైకుకు రాసుకుని చెవిలో ఒకటే గరగర. గొలుసు తగలకుండా క్లిప్పు కాస్త పైకి, భుజం దగ్గరికి జరిపాక సర్దుకుంది. సన్నాయి మేళం మొదలైనప్పుడు మాత్రం ఏ మైకూ పనిచేయలేదు. అప్పుడు ఎవరికీ ఏమీ వినపడదు లెండి.

ధర సంగతి అడగకండి. చాలావరకు మిషన్ ఏ కంపెనీదో మైకూ ఆ కంపెనీదే కొనాలి, అదొక బాధ. ఐఫోన్, ఎయిర్‌పాడ్స్ ఉన్నవాళ్లు ముందు లైవ్ లిజన్ వాడి చూడండి, ఫోనునే మైకుగా మార్చి మాటల్ని చెవిలోకి పంపుతుంది, 2018 నుంచీ ఉంది. ఆండ్రాయిడ్‌లో గూగుల్ లైవ్ ట్రాన్‌స్క్రైబ్ తెలుగులోనూ మాటల్ని అక్షరాలుగా చూపిస్తుంది. మా అన్నయ్య గోదావరి యాసకు అది ఒక్కోసారి ఏదేదో రాస్తుంది, అయినా నయమే. ఏది వాడినా ఫోను మన ఒళ్లో పెట్టుకుంటే లాభం లేదు, మాట్లాడేవాళ్ల ముందు పెట్టాలి.