ముందు చెవి, తర్వాత కాగితం

ఈ పూర్వ విద్యార్థుల సంచికకు ఎవరి భాషలో వారు రాయవచ్చన్నారు కాబట్టి నేను తెలుగులోనే రాస్తున్నాను.

మా అమ్మాయిని డబ్లిన్‌లో టిన్ విజిల్ (ఆరు రంధ్రాల చిన్న ఐరిష్ పిల్లనగ్రోవి) తరగతిలో చేర్పించడానికి వెళ్లి నేనూ చేరిపోయాను. ఐరిష్ సంప్రదాయ సంగీతాన్ని నిలబెట్టడానికి 1951లో ముల్లింగార్‌లో పుట్టిన కోల్తస్ సంస్థకు మాది ఒక శాఖ. చర్చి హాల్లో కుర్చీలు గుండ్రంగా వేసేవారు. ఏడేళ్ల పిల్ల పక్కన రిటైరైన పోస్టుమాస్టరు, ఆయన పక్కన నేను. అక్కడ గురువునైనా పేరు పెట్టే పిలుస్తారు. నా నోటికి మాత్రం చివరిదాకా ‘టీచర్ గారూ’ అనే వచ్చింది. పాపం, ఆవిడే అలవాటు పడ్డారు.

విజయవాడలో చిన్నప్పుడు సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు అన్నీ దాటాకే గీతం ముఖం చూశాను. ఇక్కడ మొదటి రోజే ట్యూన్ మొదలైంది. ఆవిడ రెండు బార్లు (మన తాళావర్తనాల్లాంటి చిన్న కొలతలు) వాయిస్తారు, మేం తిరిగి వాయించాలి. ఎనిమిది బార్ల భాగం రెండుసార్లు, ఇంకో ఎనిమిది బార్ల భాగం రెండుసార్లు. చాలా ట్యూన్లకు ఇదే కొలత, మొత్తం 32 బార్లు. పెద్దలం చాటుగా స్వరాల అక్షరాలు రాసుకునేవాళ్లం. ఆవిడ వద్దనేవారు కాదు గానీ, కొన్ని వారాలయ్యాక కాగితం బోర్లించమనేవారు. పిల్లలకు కాగితం అవసరమే పడలేదు.

అసలు చిక్కు ఊపిరి దగ్గర. రీల్ అనే వేగమైన నాట్యపు ట్యూన్ మొదలైతే ఆగే చోటు ఉండదు. ఎక్కడో ఒక స్వరాన్ని మింగేసి, ఆ సందులో గాలి పీల్చుకోవాలి. ఏ స్వరం పోయినా ఫరవాలేదో తెలియాలంటే ట్యూన్ మొత్తం లోపల మోగుతుండాలి. ఇక రోల్ అనే గమకం: స్వరం పట్టి, పై వేలు క్షణంపాటు లేపి, మళ్లీ అదే స్వరం, కింది వేలితో ఒక తట్టు, మళ్లీ అదే స్వరం. కర్ణాటక సంగీతం విన్న చెవి కదా, నాకు వెంటనే అందింది. వేళ్లే మొండికేశాయి.

ఒక సాయంత్రం ఆవిడ ‘రేక్స్ ఆఫ్ మ్యాలో’ ఎత్తుకున్నారు. కార్క్ కౌంటీలోని మ్యాలో ఊరి పేరు మీద వెలసిన పాత ట్యూన్ అది. రెండో బారుకే నేను ‘వందే మీనాక్షి’ అందుకున్నాను. ముత్తుస్వామి దీక్షితులు (1775–1835) పాశ్చాత్య బాణీలకు సంస్కృత సాహిత్యం కూర్చిన నొట్టుస్వరాల్లో అదొకటి. కంపెనీ వారి బ్యాండు వాయించగా మద్రాసులో విన్నారంటారు. ఆ రోజు తరగతి మిగిలిన సమయమంతా నేను పాడటం, వాళ్లు వాయించడం. మా అమ్మాయి సిగ్గుతో తల దించుకుంది.

కోల్తస్ ఏటా జరిపే ఫ్లా పోటీల మీద నాకు మోజు లేదు. పిల్లలు ట్యూన్ వదిలేసి వేగం వెంట పడతారు. అయితే అందులో పద్దెనిమిది దాటినవారికీ విభాగం ఉంది. మా పోస్టుమాస్టరు గారు డెబ్బై దాటాక, ఇరవయ్యేళ్ల కుర్రాళ్ల సరసన నిలబడి వాయించారు. కౌంటీ స్థాయి దాటలేదు. వచ్చే ఏడాదికి ఏ స్లో ఎయిర్ (నెమ్మదిగా సాగే ట్యూన్) ఎంచుకోవాలా అని తిరుగు ప్రయాణంలో కారులోనే వాదన మొదలుపెట్టారు.