వీల్‌ఛైర్ లేకపోతే ఏం?

కారు దిగి నడిచెళ్లారని వికలాంగుల పార్కింగ్ దగ్గర ఎవరినీ నిలదీయకండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో హీమోఫీలియా, సికిల్‌సెల్ అనే రక్త జబ్బులు, మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు కూడా ఉన్నాయి.

మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నవాళ్లకి ఒంట్లో వేడి పెరిగితే దెబ్బతిన్న నరాల్లో సంకేతాలు మందగిస్తాయి. భీమవరం, అమలాపురంలో మే నెల ఉక్కపోతకి చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. వెళ్లేటప్పుడు బాగానే నడిచిన మనిషికి తిరిగొచ్చేసరికి కాళ్లు పట్టు తప్పుతాయి.

అందుకే ఆ పార్కింగ్ చోటు గుమ్మానికి 30 మీటర్ల లోపు, 3.6 మీటర్ల వెడల్పున ఉండాలి. తలుపు బార్లా తెరిస్తేగానీ దిగలేరు మరి. మనవాళ్లు సరిగ్గా ఆ ఖాళీలోనే రెండు బైకులు దూరుస్తారు, పైగా ‘ఐదు నిమిషాలేనండి’ అంటారు!

యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) ఉంటే దాని ఫొటో ఫోన్‌లో పెట్టుకోండి. వాచ్‌మన్‌కి అది చూపించండి. జబ్బు కథంతా చెప్పక్కర్లేదు.